మఖమల్ తొడుక్కున్న కంప్యూటర్

నాన్నా, రేసు మధ్యలో ఆగిపోతోందని గేమ్ కంపెనీవాణ్ణీ, నెట్‌వాణ్ణీ వారం రోజులుగా తిడుతున్నావు. అసలు దోషివి నువ్వే. దుమ్ము పడకూడదని కంప్యూటర్‌కి కుచ్చులతో సహా మఖమల్ తొడుగు కుట్టావు, బాగానే ఉంది. ఆడేటప్పుడు కూడా తియ్యవేం? గాలి కన్నాలన్నీ మూసుకుపోయి లోపల ఉడికిపోతోంది. పదేళ్ల ముసలి యంత్రం, ఉడికితే నడక తగ్గించక ఏం చేస్తుంది? చంక దగ్గర బిగిస్తే మనిషికి ఊపిరాడదని చెప్పే టైలర్‌వి నువ్వేగా!

పొద్దున్నే మూత విప్పి ఫ్యాన్ దుమ్ము దులిపాను. గేమ్‌లో గ్రాఫిక్స్ అడుగుకి దించాను. ఇక చెట్లకి నీడలుండవు. రంగు వెలిసిందని మళ్లీ పెంచావంటే ఊరుకోను. ఆడే ముందు నీ పాటలు కట్టెయ్యి. నెట్ వైరు వెనకాల గుచ్చాను, పీకకు.

నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర్నాకి పోతున్నా. మా యాజమాన్యమైనా దిగొస్తుందేమో గాని నువ్వు దిగిరావు.

తుంటి ఆపరేషనయ్యాక అత్తయ్య మంచం దిగలేదు. సాయంత్రం ఐదింటికి ఫోన్‌లో నీతో జట్టుగా ఆడే ఆ రేసు కోసమే రోజంతా చూస్తుంది. నిన్న నీ కారు బిగుసుకుపోయి ఇద్దరూ ఓడిపోయాక నాకు ఫోన్ చేసి, "తమ్ముడికి నాతో ఆడ్డం విసుగొచ్చిందేమోనే" అంది. నువ్వు కంపెనీని తిట్టుకుంటున్నావు, ఆవిడ తనని తాను తిట్టుకుంటోంది.

ఇంకోటి. తొడుగు చాలా అందంగా కుదిరింది. ఇప్పుడే అది తీసి మడతపెట్టు. ఐదు కొట్టకముందే మీ అక్కకి ఫోన్ చేసి, తప్పు నాదేనని నీ నోటితో చెప్పు.