వరమ్మ వస్తాది, తలుపు తియ్యి

ప్రభాకరా, నేను ప్రొద్దుటూరుకు మా చెల్లెలి బిడ్డను చూసేదానికి పోతాండా. సాయంత్రం బస్సుకు వస్తా. మీ అన్న సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉండాడు. మీ అమ్మను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాల. పండబెట్టి గంజి తాపొద్దు, దిండు ఆనించి కూర్చోబెట్టి తాపు. నీ ఒక్కనికి చేతకాదు గాబట్టి పది గంటలకు వరమ్మ వస్తాది. అవును, మీ ఎదురు పార్టీ వాళ్లింటి వరమ్మే. మొగం చిట్లించకుండా తలుపు తియ్యి.

జమ్మలమడుగు చర్చిలో మంచాన పడినోళ్లను చూసుకునేది నేర్పించినప్పుడు నన్నూ వరమ్మనూ జత చేసినారు. నేను పేషంటు మాదిరి పండుకుంటే ఆ యమ్మ నన్ను తిప్పి, దిండు సర్ది, దుప్పటి కప్పింది. నాకు నిజంగానే నిద్ర పట్టేసింది. అందరూ ఒకటే నవ్వంట. ఆ యమ్మ మాత్రం నన్ను లేపనియ్యలేదంట. ఈ ఇంటికొచ్చి పదకొండేండ్లయింది, నాకు దుప్పటి కప్పినోళ్లు లేరు.

కాఫీలో చక్కెర ఎక్కువెయ్యి, ఆ యమ్మకు అట్లుంటేనే ఇష్టం. బుధవారం మంచాన ఉండే వాళ్ల మామను చూసుకునేదానికి నేను పోతా. నడివీధిలోనే పోతా. మీ నాయకునికి నువ్వే చెప్పుకో.

మీ వదిన

ఇంగొక మాట. రేపు మీ కొట్లాటల్లో నీ నడుము విరిగినా, నిన్ను తిప్పి పండబెట్టేది మేమిద్దరమే.