బన్నూరు పోలిక

వజ్రకరూరు,
12-5-1966.

తమ్ముడు తిప్పేస్వామికి అక్క బయమ్మ ఆశీస్సులు. తిరుపతిలో నువ్వు కులాసాగా ఉన్నావని, పరీక్షలు బాగా రాశావని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఇక్కడ అమ్మ, నేను ఉన్నాం. వానలు లేవు.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబు రాస్తాను. మీ పశువైద్య కళాశాల నుంచి నువ్వు తెచ్చిన మైసూరు సీమ బన్నూరు జాతి పొట్టేలుకు మన గొర్రెలు ఈనిన పిల్లలు నువ్వన్నట్టే తండ్రి పోలికతో వచ్చాయి. పొట్టి కాళ్లు, తొడల నిండా కండ. మేత ఉన్నన్నాళ్లు నాటు పిల్లలకంటే ఎక్కువే తూగాయి. నాయన వాటి వీపు నిమిరి, "మావాని చదువు ఈడ కనపడతాండాది సూడండప్పా" అని వచ్చినవాళ్లకు చూపించేవాడు.

ఉగాది దాటాక మేత అయిపోయింది. నాయన, నేను మందను కణేకల్ కాలువ కిందికి తోలుకుపోయాం. నాటువి నడిచాయి. బన్నూరు పిల్లలు దారిలోనే కూలబడ్డాయి. కండ పెరిగింది గానీ నడక రాలేదు, అది కూడా నీ పరిశోధనలో రాసుకో. "ఇవి సస్తే వాని పని ఏమైతాది" అంటూ నాయన ఒకదాన్ని భుజాలకెత్తుకున్నాడు. నేను మోస్తానంటే ఇవ్వలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలువ కనిపించే చోట పడిపోయాడు తమ్ముడూ. నీళ్లు తాగించాను. "వానికి ఇప్పుడే చెప్పొద్దు బయమ్మా. పరీక్షలు రాయనీ" అన్నాడు. పొద్దు గూకేలోపు పోయాడు. అక్కడి కాపరుల సాయంతో కాలువ గట్టు దగ్గరే మట్టి చేశాం.

ఇంటికొచ్చి అమ్మతో అబద్ధమాడాను. నీకు తంతి ఇచ్చానని, సెలవు దొరకలేదని చెప్పాను. నిజం చెబితే ఆమె ఎవరిచేతనైనా నీకు రాయిస్తుందని భయపడ్డాను.

నిన్న నీ ఉత్తరం చదవమంది. నాయనకు నమస్కారాలు అన్న మాట నేను దాటేశాను. మిగిలినదంతా పిల్లల తూకం, కోసిన మాంసం మెత్తగా ఉడికిందా, పీచుగా ఉందా అన్నదే. అమ్మ విని, "వాళ్ల నాయన పోతే గొర్రెల తూకం అడుగుతాండాడా నా కొడుకు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మాంసం సంగతి అడిగావు. నాయన మోసిన పిల్ల బతికింది. ఆయన దినానికి దాన్నే కోశారు. మెత్తగా ఉందని తిన్నవాళ్లు అన్నారు. నేను నోట పెట్టలేదు.

ఇంతవరకూ రాసి, లేచి వెళ్లి అమ్మకు నిజం చెప్పాను. తిట్టలేదు. లేచి కూర్చుని, "వాడు ఈ ఉత్తరం సదివేటప్పుడు పక్కన ఎవరన్నా ఉండాల. ఒక్కడే ఉంటే సదవొద్దని మొదట్లోనే రాయి" అంది.

ఆ మాట ఉత్తరంలో ఇంత కిందికి వచ్చింది. బయలుదేరి రా, నాయనా.

ఇట్లు,
నీ అక్క
బయమ్మ