హెల్మెట్ ఎడమకే తిరిగింది

మధురవాడ

ఆదిలక్ష్మత్తకి మేనకోడలు అలేఖ్య నమస్కారాలు.
నా ఉద్యోగం ఏమిటని అడిగావుగా! పైలట్ కూర్చునే చోట సన్నటి లేజర్లు పెడతాం. అతని హెల్మెట్ ఎటు తిరిగినా కనిపెట్టేస్తాయి. ఎటు చూస్తున్నాడో ఇక్కడ మాకు తెలిసిపోతుంది.
నీ అలేఖ్య
తా.క.: పైలట్‌కి మాత్రం ఆ వెలుగు కనపడనే కనపడదు!

మల్కాపురం

అలేఖ్యా, సల్లగుండమ్మా.
ఓలమ్మో! పోర్టులో పైలట్ లాంచీ నడిపే మీ మావయ్యని వీధంతా పైలట్ చలమయ్యనే కదే అంటారు! తలకి హెల్మెట్టూ ఉంది. మీ ఆపీసు ఆయన్నే కనిపెడతందని నాకేటి తెలుసు? ఈమద్దెన గోడకేసి సూసి నవ్వుకుంటన్నాడు. నిన్న పులుసనుకుని అన్నంలో మంచినీళ్లు పోసుకున్నాడు. నిజం సెప్పు, లాంచీలో ఎటు సూత్తన్నాడు?
మీ అత్త
తా.క.: ఫోన్ సెయ్యకు. ఆయన ఇంటాడు.

మధురవాడ

అయ్యో అత్తా,
నేను చెప్పింది విమానాల పైలట్ల గురించి! మావయ్య ఏవో కలలు కంటున్నాడు, కననీ.
అలేఖ్య
తా.క.: మంచినీళ్ల అన్నం బాగుందన్నాడా?

మల్కాపురం

అలేఖ్యా,
విమానాలంట! గుట్టు దాత్తన్నావు. కుడో ఎడమో ఒక్క ముక్క సెప్పు, మిగతాది నాకు తెలుసు. ముప్పయ్యేళ్లు కాపరం సేసి, మొగుడు ఎటు సూత్తన్నాడో తెలీకుండా బతకలేనే అమ్మా. సెప్పకపోతే పెట్టె సర్దుకుని మా అప్ప ఇంటికి పోతాను.
మీ అత్త
తా.క.: బాగుందనే తిన్నాడు. అదే నా బాద.

మధురవాడ

అత్తా, నీకో దండం.
ఎడమకి! ఎప్పుడూ ఎడమకే! చాలా? ఇక హాయిగా నిద్రపో.
అలేఖ్య

మల్కాపురం

నా తల్లీ అలేఖ్యా,
ఎడమనగానే నా గుండె జారిపోయింది. జెట్టీ మీద నిలబడి సముద్రంకేసి సూత్తే ఎడం పక్కన పాపాయమ్మ టీ బడ్డీయే! పెట్టె సర్దేసి, ఆయన్ని కడిగేద్దామని జెట్టీకి పోయాను. మీ మావయ్య సెయ్యట్టుకుని లాంచీ ఎక్కించాడు. పొద్దుగూకతంది. సముద్రం ఊయల్లాగ ఊగతంది. నా కోపం ఎక్కడ జారిపోయిందో తెలీదు. తిరిగొత్తంటే హెల్మెట్ ఎడమకి తిరిగింది.
సూద్దును కదా, కొండవాలున మన మేడ! దండెం మీద నా పసుప్పచ్చ సీర ఎగరతంది.
"అదుంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టే. రోజూ సూత్తాను. వచ్చే నెల రిటైరయిపోతే దగ్గర్నించే సూడొచ్చని నవ్వొత్తంది" అన్నాడు.
ముప్పయ్యేళ్లలో ఒక్కసారైనా సెప్పలేదే ఈ మనిషి! నాకు ఏడుపొచ్చేసింది.
పాపాయమ్మ బడ్డీ కుడి పక్కకి పోయింది. సముద్రంలోంచి వచ్చేవోళ్లకి మన ఎడమ కుడవుతాదంట.
మీ అత్త
తా.క.: మీ లేజరు నిజమే సెప్పింది. ఇక ఆపేయమని మీ ఆపీసోళ్లకి సెప్పు. ఆయన్ని నాను సూసుకుంటాను.