పగలని ట్యూబ్‌లైట్లు

12 నవంబర్ 1996

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. బయట నిలబడలేకపోతున్నాను. నాలుగో తరగతి చదువు ఇన్నేళ్లకి పనికొచ్చింది. రాస్తూ ఉంటే చేతులకి ఒక పని. నోటితో అంటే మంగ ఏడుస్తుంది.

మంగ నా కోడలు. ఐదో నెల. నా కొడుకు ఎల్లేష్ దసరాకి ముందు పోయాడు. ముందు చేతులు వణికాయి, తర్వాత చిగుళ్ల నుంచి రక్తం, చివరికి కిడ్నీలు. తాగి తాగి పోయాడని గల్లీ అంతా అంది. వాడు తాగడు.

వాడి మంచం కింద కాలిపోయిన ట్యూబ్‌లైట్లు ఇంకా అలాగే ఉన్నాయి. అశోక్‌నగర్ హాస్టళ్లలో, నారాయణగూడ షాపుల్లో అడిగి తెచ్చేవాడు. వానాకాలమంతా పోగేసి, చలి మొదలవగానే రోట్లో దంచి, జల్లెడ పట్టి, గంజిలో రంగుతో కలిపి, దారానికి పట్టించి మాంజా చేసేవాడు. ట్యూబ్‌లైటు గాజు పలచన. సీసా గాజు అంత మెత్తగా నలగదు. ఎల్లేష్ మాంజా అంటే చిక్కడపల్లిలో గాలిపటాలు ఎగరేసేవాళ్లకి ప్రాణం. పొడి గాలికి పోకూడదని తలుపూ కిటికీ మూసి దంచేవాడు.

ఇవాళ ఊడుస్తుంటే చీపురు తగిలి ఒకటి దొర్లింది. పగల్లేదు.

14 నవంబర్

వాడి డెత్ సర్టిఫికెట్ కోసం హాస్పిటల్‌కి వెళ్లాను. వాడిని చూసిన డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. ఏం పని చేసేవాడని మళ్లీ అడిగింది. ఎల్లేష్ ఆమెకి కరెంటు పని అనే చెప్పాడట. మాంజా కూడా ఒక పనేనా చెప్పడానికి అనుకున్నాడేమో. నేను రోలు, జల్లెడ, మూసిన గది అన్నీ చెప్పాను. ఆమె రాసే పెన్ను కింద పెట్టేసింది.

ట్యూబ్‌లైట్లో పాదరసం ఉంటుందట. పగిలితే కంటికి కనబడని ఆవిరి వస్తుందట. మూసిన గదిలో ఏళ్లకేళ్లు పీలిస్తే చేతులు వణుకుతాయి, చిగుళ్లు పాడవుతాయి, ఊరికే కోపం వస్తుంది, కిడ్నీలు చెడిపోతాయి అంది. అదే కారణమని ఇప్పుడు గట్టిగా చెప్పలేనమ్మా అని కూడా అంది. ఇంట్లో ఇంకెవరున్నారంది. కడుపుతో ఉన్న కోడలు అన్నాను. అయితే ఒక్కటి కూడా పగలనివ్వకు అంది.

మా అమ్మ మా తలల్లో పేలకి పాదరసం రాసేది. మందనే అనుకున్నాం.

18 నవంబర్

మాంజా నేను చేస్త అత్తమ్మా అంటోంది మంగ. ఎంత గాజుకు ఎంత గంజో నాకు ఎరుకే, ఆయన పక్కన కూసోని చూసిన అంటోంది. ఆవిరి సంగతి చెప్పాను. కిడ్నీల సంగతి చెప్పాను. కనబడని దానికి భయపడుకుంట కూసుంటే కనబడే కడుపు ఎట్ల నిండాలె అంది. రోకలి తీసుకెళ్లి పక్కింట్లో దాచాను.

22 నవంబర్

రెండు ట్యూబులు పాత చీరలో చుట్టి చెత్తకుండీ పక్కన మెల్లగా ఆనించాను. చెత్తబండి ఉప్పలయ్య వచ్చాడు. చీర విప్పి పక్కన పెట్టి, కట్టెతో టపటపా కొట్టేశాడు. అరిచాను. నిలువుగ ఉంటే బండ్ల పట్టవు అక్కా, ఏం బంగారమా గంత ఒర్లుతున్నవ్ అన్నాడు. ముక్కు మూసుకో, దూరం జరుగు అన్నాను. చెత్త కంపు నాకు పుట్టినప్పటి సంది అలవాటే అని నవ్వాడు. ఆ చీర భుజాన వేసుకుని పోయాడు, మంచిగుందట.

23 నవంబర్

పాత సామాన్లాయన ట్యూబుల చివర్లకున్న అల్యూమినియం మూతలు తీసుకుని గాజు అక్కడికక్కడే కొట్టేస్తాడట. పక్కింటామె నాలాలో పడెయ్యమంది. నాలాలో పడితే పగలదా? ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఏ దారిన పోయినా పగలగొట్టడం దగ్గరికే వస్తోంది.

2 డిసెంబర్

నారాయణగూడలో కిషన్ రావు సారు ఎలక్ట్రికల్ షాపుకి పోయాను. ఎల్లేష్‌కి కాలిపోయినవి ఎక్కువ ఇచ్చింది ఆయనే. వాపసు తీసుకోండి సార్ అన్నాను. తిన్న ఇస్తరాకు మళ్ల హోటలాయనకు ఇస్తరా తల్లీ అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను కదల్లేదు. మెట్ల మీద కూర్చున్నాను. గిరాకీ టైము, జర పరేషాన్ చెయ్యకు అన్నాడు.

కొత్తవి ఎట్ల వస్తయి సార్ అని అడిగాను. కంపెనీ లారీల అన్నాడు. పోయేటప్పుడు లారీల ఏముంటది అన్నాను. ఏముంటది, ఖాళీగ పోతది అని చెప్పి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

11 డిసెంబర్

నేను ఊడ్చే హాస్టల్లో కొత్త ట్యూబులు వచ్చిన అట్టగొట్టాలు పారేస్తుంటే అన్నీ అడిగి తెచ్చుకున్నాను. పాతవి వాటిలో సరిగ్గా పట్టాయి.

19 డిసెంబర్

పని నుంచి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. లోపల దంచుతున్న చప్పుడు. ఎవరి రోకలో తెచ్చుకుంది. తలుపు బాదాను. తియ్యలేదు. కిటికీ రెక్క పట్టి లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. అప్పుడు తీసింది. జబ్బ పట్టుకుని గల్లీలోకి ఈడ్చుకొచ్చాను. నా కొడుకు చాలలేదా, వాడి బిడ్డ కూడా కావాలా అని అరిచాను. గల్లీ అంతా గుమిగూడింది.

మంగ నాకంటే గట్టిగా అరిచింది. ఆయన నా మీద అసహ్యంతోటే పోయిండు అంది. చివరి నెలల్లో అన్నం పళ్లెం విసిరేశాడట. నీ మొకం జూడబుద్ధి అయితలేదు అన్నాడట. ఆయన మాంజా నేను చేస్తే, యాడున్నా జర మనసు కరుగుతదేమో అని చేస్తున్న అంది.

ఈ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. డాక్టరమ్మ చెప్పిందాంట్లో కోపం మాట దీనికి చెప్పాలని నాకు తట్టనే లేదు. చెప్పాను. చేతులు వణికినట్టే కోపం కూడా ఆ ఆవిరి వల్లే వస్తుందట అన్నాను. మళ్ల చెప్పు అంది. చెప్పాను. డాక్టరమ్మ అన్నదా, నువ్వు కల్పిస్తున్నవా అంది. డాక్టరమ్మే అన్నాను. ఇంకోసారి చెప్పించుకుంది. అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

20 డిసెంబర్

రాత్రి పక్కింట్లో పడుకుని, పొద్దున ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మంగ బిడ్డ సంగతి కంటే ముందు కోపం సంగతే అడిగింది. అవునమ్మా అంది ఆమె. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. మిగతావి పుట్టాకే తెలుస్తాయట. మంగ దంచింది ఒక్క ట్యూబే; దాన్ని చీపురుతో ఊడవొద్దు, తలుపులు తీసిపెట్టి తడిగుడ్డతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో పెట్టమంది. మంగను గల్లీ చివర కూర్చోబెట్టి, ముక్కుకి కొంగు చుట్టుకుని నేనే ఎత్తాను. రోలు బయటికి దొర్లించేశాను.

28 డిసెంబర్

షాపుకి కంపెనీ లారీ వచ్చింది. మంగా నేనూ అట్టగొట్టాలు మోసుకుపోయాం. ఈసారి ఫౌజును గూడ తెచ్చినవా తల్లీ అన్నాడు కిషన్ రావు సారు. ఖాళీ లారీలో వాపసు తీసుకుపోవడానికి డ్రైవర్ ఒప్పుకోలేదు. తొవ్వల పగిలితే నా మీదికొస్తది అన్నాడు. మంగ ముందుకొచ్చింది. మా ఆయన నా మొకం జూడనని పోయిండు అన్నా, అదంత ఈ గాజు చేసిన పని అంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడింది.

డ్రైవర్ బీడీ పారేశాడు. మా ఫ్యాక్టరీల పగిలినవాటికి వేరే షెడ్డు ఉంటదక్కా, ఆడ పనిచేసెటోళ్లు మూతికి తొడుగులు కట్టుకుంటరు, అన్ని డ్రమ్ములల్ల వేసి సీల్ చేస్తరు, ఎందుకో మాకు ఎరుక లేదు అన్నాడు.

అంటే అక్కడివాళ్లకి తెలుసు. షాపు దాకా రాలేదు ఆ మాట. కుండీ దాకా రాలేదు. నా ఇంటి దాకా రాలేదు.

కిషన్ రావు సారు గల్లా దగ్గర నుంచి లేచాడు. లోపలికి పోయి పెద్ద అట్టపెట్టెలు, తాడు తెచ్చాడు. ఆయనే కట్టాడు. పగిలిన గాజు డబ్బా కూడా లారీ ఎక్కింది.

29 డిసెంబర్

దారి నిండా గుంతలు. చేరాయో, ఎక్కడ పగిలాయో. ఎవరిని అడగాలి? కూర్చోలేకపోతున్నాను.

14 జనవరి 1997

గాలిపటాలు. తల ఎత్తలేదు నేను.

17 జనవరి, సాయంత్రం

మా ఇంట్లో వెలిగే ట్యూబ్‌లైటు పొద్దున్నుంచీ మిణుకుమిణుకుమంటోంది. రెండు చివర్లూ నల్లబడ్డాయి. మంగ కింద కూర్చుని దాన్నే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఇద్దరిలో ఎవరమూ లేచి స్టూలు తేవడం లేదు.