పసుపు బొట్టు పెట్టిన చక్రాలు

లింగంపల్లి

అక్కకి నాగు నమస్కారాలు.

నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, దిగులు పడకు. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు, అమ్మ వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ ఒకటే వానలు. హైటెక్ సిటీ రోడ్డు మీద నీళ్లు నిలిస్తే బండి కదలదు. ఉద్యోగాల పిల్లలు ల్యాప్‌టాప్‌లు తెరిచి వ్యానులోనే ఆఫీసు మొదలుపెడతారు. మెస్సులో గోంగూర పెడతారు గానీ అందులో పులుపే ఉండదు.

అసలు సంగతి శ్రీను అన్నయ్య గురించి. బాబాయి కొడుకని ఏనాడూ అనుకోలేదు, తోడబుట్టినవాడే అనుకున్నాను. నన్ను ఇక్కడికి పిలిచి, తను బండి తిప్పే కంపెనీలోనే నా పాత వ్యానుకి పని ఇప్పించాడు. మా ఇద్దరివీ ఒకే రకం బళ్లు కదా. వచ్చిన వారంలోనే సర్వీసింగుకని నా బండి తీసుకెళ్లి, పెద్ద సైజు వెండిరంగు చక్రాలు బిగించి తెచ్చాడు. దర్జాగా తిరగరా, ఇది నా కానుక అన్నాడు. నా పాత చక్రాలు ఇనుప సామాన్లకి వేసేశానన్నాడు. నేను మురిసిపోయి నీకు ఫోను చేస్తే అమ్మ ఆయనకి కాజాలు పంపింది చూడు, అవి ఆ చక్రాల గురించే.

ఇప్పుడా టైర్లు నున్నగా అరిగిపోయాయి. కంపెనీలో బళ్లు చూసే ఆయన వంగి చూసి, వీటితో వానలో ఆడపిల్లల్ని ఎక్కించేది లేదు, మార్చేదాకా రావద్దు అన్నాడు. చందానగర్ అంతా తిరిగాను. ఆ సైజు టైరు ఎక్కడా లేదు. చివరికి ఒక దుకాణం ఆయన నిజం చెప్పాడు.

“గీ సైజుల కారు టైర్లు దొరుకుతయ్ అన్నా. గంత మందిని మోసే వ్యాను టైర్లు ఎవ్వలూ పెట్టరు, తెప్పిస్తే ధర డబుల్. బండితోని వచ్చిన కంపెనీ చక్రాలైతే టైర్లు ఏ దుకాణంలనైనా దొరుకుతయ్. అవెందుకు తీసేసినవ్?”

సలహా అడుగుదామని శ్రీను అన్నయ్య ఇంటికే వెళ్లాను. ఆయన బండికి పంక్చరైతే చక్రం విప్పి వాకిట్లో పడేసి ఉంది. దాని లోపలి వైపు పసుపు బొట్టు. దసరాకి మన బండికి పూజ చేసినప్పుడు, పసుపైతే వానకి పోతుందని, గడపకి వేయగా మిగిలిన పెయింటుతో నువ్వు పెట్టిన బొట్టే అక్కా. ఈ ఊళ్లో ఇంకెవరు పెడతారు? తన పెద్ద చక్రాలకి టైర్లు దొరకవని తెలిసి, వాటిని నాకు తగిలించి, నావి తను బిగించుకున్నాడు. దానికి కానుకని పేరు పెట్టాడు.

నేను చూడటం ఆయన చూశాడు. “నాకిద్దరు పిల్లలురా. నువ్వొక్కడివి. ఎలాగోలా సర్దుకుపోతావనుకున్నాను” అన్నాడు.

తిరిగిస్తానని అనలేదు. నేనూ అడగలేదు. వదిన కాఫీ ఇస్తే తాగి వచ్చేశాను. కష్టంగా ఉందిరా అని ఒక్క మాట అడిగి ఉంటే నేనే విప్పి ఇచ్చేవాణ్ణి. నా కడుపు మండేది అందుకే. చక్రాలకి కాదు.

నువ్వేం కంగారు పడకు. పాత సైజువే సెకండ్‌హ్యాండు చక్రాలు, టైర్లతో సహా దొరికాయి. రేపట్నుంచి బండి తిరుగుతుంది. నేను బాగానే ఉన్నాను. ఈ మాట అమ్మ చెవిన వేయకు, బాబాయితో మాటలు మానేస్తుంది.

అమ్మానాన్నలకీ బావగారికీ నా దండాలు చెప్పు, నన్ను దీవించమను. పిల్లలకి ముద్దులు. ఈసారి ఆవకాయతో పాటు ఆ గడప పెయింటు కాస్త చిన్న సీసాలో పోసి పంపు, కొత్త చక్రాలకి నేనే బొట్టు పెట్టుకుంటాను. వచ్చే వారం శ్రీను అన్నయ్య ఊరికి వస్తున్నాడు, తెస్తానంటాడు. ఆయన చేతికి ఇవ్వకు. బస్సులో వెయ్యి.

నీ తమ్ముడు
నాగు