కోడలి కప్పు

చి. సౌ. మమతకు,

మీ అత్త ఆశీర్వదించి రాస్తున్నది. ఆశీర్వదించే ముఖం నాకుందో లేదో, చివరిదాకా చదివి నువ్వే తేల్చు. ఇక్కడ గోదావరిఖనిలో మేం ముగ్గురం బాగానే ఉన్నాం. రామకృష్ణాపూర్‌లో నువ్వూ మీ అమ్మా క్షేమమని తలుస్తాను.

బట్టల కోసం రాసిన ఉత్తరంలో మామ బీపీ ఎట్లా ఉందని అడిగావు. గోలీలు వేసుకుంటున్నాడు, పచ్చడి మాత్రం మానలేదు. చాటుగా తింటాడు, మూతి తుడుచుకోవడం మరిచిపోతాడు. నీ గని బూట్లు కడిగి, ఎండబెట్టి, బట్టలతో పాటు పక్కింటి సదయ్యతో పంపుతున్నాను. బూట్లు కూడా అడిగావంటే ఇక ఇటు రానట్టేనని అర్థమై, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఫోన్‌లో చెబుదామనే అనుకున్నాను. "బాగున్నవా అత్తమ్మా" అని నువ్వు మర్యాదగా అడగగానే నా నోరు కూరగాయల ధరల మీదికి పారిపోయింది. అందుకే కాగితం పట్టాను.

మొన్న మా దవాఖానలో నర్సులందరికీ నెలసరి కప్పు గురించి శిక్షణ పెట్టారు. వచ్చిన డాక్టరమ్మ ఒక కప్పు మా చేతికిచ్చి, దీని సంగతి ఎవరికి తెలుసని అడిగింది. "పెండ్లిగాని పిల్లలు పెట్టుకోవద్దట గదా మేడం" అని ఒకామె, "లోపలికి పోతే ఆపరేషనేనట" అని ఇంకొకామె. అన్నీ విన్న మాటలే. డాక్టరమ్మ బొమ్మ గీసింది. గర్భసంచి మూతి అంత సన్నగా ఉంటే కప్పు అందులోకి ఎట్లా పోతుందని అడిగింది. మరిగించి, శుభ్రమైన చేతులతో వాడుకుంటే చాలని, పిల్లలు కలగకపోవడానికీ దానికీ సంబంధమే లేదని చెప్పింది. అదే బొమ్మ చదువుకునే రోజుల్లో నేనూ గీశాను. ఎన్ని కాన్పులు చూశాను! అయినా ఆ మాత్రం ఆలోచన నాకు తట్టలేదు. అక్కడ తలెత్తలేకపోయాను.

నువ్వు గిన్నెలో కప్పు మరిగిస్తుంటే నేను చేసిన రభస గుర్తొచ్చింది. "గని లోపల షిఫ్టంత మార్చుకునేతందుకు వీలుండది అత్తమ్మా, ఇదైతే ఫికర్ లేదు" అని నువ్వు నిమ్మళంగానే చెప్పావు. "నర్సును, నాకే నేర్పుతవా?" అని గిన్నెతో సహా బయట పారేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మీకు పిల్లలు కలగలేదని రఘుపతి నా దగ్గర బాధపడితే, "అది పెట్టుకునే కప్పుతోనే బిడ్డా, గర్భసంచి ఖరాబైంటది" అన్నది నేనే. వాడు నిన్ను గొడ్రాలన్నది నా మాట పట్టుకునే. డాక్టర్లు చెప్పిన్రని కూడా అన్నాడు కదా. ఏ డాక్టరూ చెప్పలేదు మమతా. నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు తెచ్చింది నా వీపుకు కాదు, నీకు. నువ్వు ఏడుస్తూ సంచి సర్దుకుంటుంటే నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. అది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న వాడిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. విని, "తెల్వకుంటే తెల్వదని అనకపోయినవా అమ్మా?" అన్నాడు. నర్సునై తెల్లబట్టలు వేసుకున్నప్పటి నుంచి ఎవరేం అడిగినా తెలుసనే చెప్పడం అలవాటైంది మమతా.

వాడు వెంటనే నీ దగ్గరికి వస్తానన్నాడు, నేనే ఆపాను. ముందు నీకు నిజం తెలియాలి. రమ్మనడమో వద్దనడమో నీ ఇష్టం. పరీక్షలంటూ చేయించుకోవాల్సి వస్తే ముందు తానే చేయించుకుంటానన్నాడు. నా మీద మొహమాటంతో మాత్రం దేనికీ ఒప్పుకోకు.

మీకు పిల్లలు ఎందుకు కలగలేదో నాకు తెలియదు. ఆ రోజు నేను వాడికి చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన అత్త,
తిరుమల