ఆయన కదపని కాలు

జూన్ 27, ఉదయం 7
ఆయన కుడికాలు కదిలింది! నేనూ అత్తయ్యా పాంటు తొడుగుతుంటే నా గోరు అరికాలికి గీసుకుంది. మోకాలు టక్కున ముడుచుకుంది. మిర్చి టిక్కీ బస్తాల ట్రాక్టర్ మీంచి పడి, నడుం కింద చచ్చుబడి రెండు నెలలు. అత్తయ్య ఏడ్చేసింది. కాలు వచ్చేస్తోంది జాయిస్, వచ్చేస్తోంది అన్నారాయన. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

జూన్ 28
నందిగామ స్కూల్లో టెన్త్ బయాలజీ. పదకొండేళ్లుగా చెబుతున్న పాఠమే. ముల్లు గుచ్చుకుంటే కబురు వెన్నుపాముకు చేరుతుంది. అక్కడి చాలక నాడీకణాలు కండరానికి ఆర్డర్ వేస్తాయి. మెదడుకు తెలిసేలోపే కాలు వెనక్కొస్తుంది. ఆయనకు వెన్నుపాము తెగింది అంతకన్నా పైన. కింద లైన్ బాగానే ఉంది. అంతే, ఇంకేం లేదు. చేతిలో సుద్దముక్క విరిగిపోయింది.

జూలై 3
జగ్గయ్యపేటలో మా వీధి వీధంతా వచ్చి కాలు చూసి పోతోంది. అత్తయ్య అరికాలు గీకి మరీ చూపిస్తోంది. గుణదల మాతకు తలనీలాలు ఇస్తానని మొక్కుకుందట. ఆయన వీల్‌చైర్ ట్రైనింగ్‌కి రానంటున్నారు. నడవబోయేవాడికి చైరెందుకే అంటారు. విజయవాడ సెంటర్‌లో సీటు పదో తారీఖు దాకే ఆపుతారట. ఇక నడక రాదని డాక్టర్ చెప్పింది ఎవరికీ ఎక్కలేదు. ఒళ్లు మండిపోతోంది.

జూలై 7, ఆదివారం
చర్చిలో పూజ అయ్యాక, కాలు కదిలిందని అత్తయ్య ఫాదర్‌గారితో అందరికీ చెప్పించింది. చప్పట్లు. ఇక నా వల్ల కాలేదు. ఇంటికొచ్చి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పేశాను. ఇక్కడ తెగింది, కాలు దానంతటదే కదులుతోంది, మీరు కదపడం లేదు అని. టీచర్‌లా చెప్పాను. అత్తయ్య నన్ను రాతిగుండె దానివంది. ఆయన కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు.

జూలై 8
అత్తయ్య అరికాలు గీకబోతే ఆయన దుప్పటి లాక్కున్నారు.

జూలై 9
పాంటు తొడుగుతుంటే మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఇంతకంటే తిట్టినా బాగుండేది. సీటు రేపటితో సరి.

జూలై 10, ఉదయం 6.30
గదిలోకి రావద్దన్నారు. గంటసేపు గుమ్మం బయటే నిలబడ్డాం, నేనూ అత్తయ్యా. తర్వాత పిలిచారు. అరికాలు తనే గీక్కుని, మోకాలు ముడుచుకున్నప్పుడల్లా పాంటు కొంచెం కొంచెం లాక్కున్నారట. ఒళ్లంతా చెమట. విజయవాడకి కారు ఎన్నింటికి చెప్పావని అడిగారు.

పాంటు తిరగేసి తొడుక్కున్నారు. ఆ సంగతి నేను చెప్పలేదు.